ఆపరేషన్ అయ్యేలోపు ఏం జరిగిందో కూడా అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

కుటుంబ నియంత్రణలో మన రాష్ట్రం దేశానికే ఆదర్శమంటూ ఈమధ్య మీ మహిళల పేజీలో వచ్చిన కథనం చదివాను. నేను ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో ఏఎన్ఎంగా, అంటే సబ్‌సెంటర్ నర్సుగా చేరి, సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. మీరు వేసిన ఆ అంకె వెనకున్న ఆపరేషన్లలో ఎన్నో కొన్ని నా రిజిస్టర్లలోకి ఎక్కినవే. కాబట్టి దాని గురించి మాట్లాడే హక్కు నాకు కాస్త ఉందనుకుంటున్నాను.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత మహిళల్లో 71.1 శాతం మంది ఏదో ఒక గర్భనిరోధక పద్ధతిలో ఉన్నారు. బాగానే ఉంది. కానీ దాని కింది వరుసలు కూడా వేయాల్సింది. ఆ 71.1లో 69.6 శాతం ఆడవాళ్ల ఆపరేషనే. మగవాళ్ల ఆపరేషన్ 0.4 శాతం. మాత్రలు, లూప్, నిరోధ్, ఇంజెక్షన్ అన్నీ కలిపితే మిగిలేది ఒక్క శాతం చిల్లర. తెలంగాణలో 68.1కి 61.9 ఆడవాళ్ల ఆపరేషన్. దేశం మొత్తమ్మీద చూస్తే 66.7కి 37.9. అంటే మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఆడమనిషి కడుపు మీద కోత, అంతే. అది పడేదాకా ఆమె చేతిలో ఏమీ లేదు.

అయినా ఈ అంకెలో కులం తేడా పెద్దగా కనిపించదు. పెద్దరైతు ఇంటి కోడలూ ఆపరేషనే చేయించుకుంటుంది, ఎస్సీ కాలనీలో పిల్లా ఆపరేషనే చేయించుకుంటుంది. ఇది చూసి అందరికీ సమానంగా అందిందని రాసేస్తున్నారు. తేడా ఎక్కడుందో నేను చెప్తాను. ఏ వయసులో చేయించుకుంది, ఎక్కడ చేయించుకుంది, దానికి ముందు నెల తప్పినప్పుడల్లా ఏం చేసింది అన్న దగ్గర ఉంది తేడా అంతా.

అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. సర్వే నాటికి 15-19 ఏళ్ల పిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో గర్భిణులో. మా వైపు ఇది ఎలా నడుస్తుందంటే, పదిహేడుకు పెళ్లి, ఏడాది తిరిగేసరికి కాన్పు, ఇంకో రెండేళ్లకు రెండోది, అది మగపిల్లవాడైతే ఆ చేత్తోనే ఆపరేషన్. ఇరవై రెండేళ్లకు అన్నీ అయిపోతాయి. పెళ్లికీ ఆపరేషన్‌కీ మధ్య ఉన్న ఆ నాలుగైదేళ్లు ఎవరి లెక్కలోనూ లేవు. మేం రాసే అర్హులైన దంపతుల రిజిస్టరులో ఆ పిల్లల పేర్లకు ఎదురుగా 'ఏ పద్ధతీ లేదు' అని ఉంటుంది. ఆపరేషన్ అయిన మరునాడు ఆ గడి నిండుతుంది. ఆ తర్వాత ఆమె గడప తొక్కే వాళ్లుండరు.

ఆ నాలుగైదేళ్లలో ఏం జరుగుతుందో ఒక్క సంగతి చెప్తాను. మిరప కోతల రోజుల్లో కాలనీలో ఒక అమ్మాయి ఇంటికి వెళ్లాను, చంటిపిల్లకు టీకా వేద్దామని. ఆ అమ్మాయి లేచి నిలబడలేకపోయింది. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఏమ్మా అంటే ఏం లేదు మేడమ్, నెలసరి ఎక్కువైంది అంది. అత్త నీళ్లకు వెళ్లాక కొంగు ముడిలోంచి ఒక రేకు తీసి చూపించింది. కడుపు పోయే మాత్రల కిట్‌లో అయిదు మాత్రలుండాలి. అది కత్తెరతో కత్తిరించిన ముక్క. మూడే ఉన్నాయట అందులో. మెడికల్ షాపాయన ఆమె మొగుడి దగ్గర డబ్బులు సరిపోలేదని మూడే ఇచ్చాడు, చక్కెర తూచినట్టు. ఎన్నో నెలో ఎవరూ అడగలేదు. రక్తం ఎప్పుడు ఆగకపోతే ఆస్పత్రికి రావాలో ఎవరూ చెప్పలేదు. మూడు వారాలుగా అలా పోతూనే ఉంది, ఆమె రోజూ కోతకు వెళ్తూనే ఉంది.

ఆ నెలలోనే అదే ఊళ్లో ఇంకో ఇంట్లో ఇంకో కోడలికి నెల తప్పింది. వాళ్లు కారులో ఒంగోలు వెళ్లారు, స్కానింగ్ చేయించారు, లేడీ డాక్టరు చూసింది, సాయంత్రానికి ఇంటికొచ్చారు. ఆమెకు మందు అదే. అవే మాత్రలు. ఊళ్లో ఎవరికీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది, ఆమె నా రిజిస్టరులో కూడా లేదు. నాకు చెప్పినదల్లా వాళ్ల పనిమనిషి.

ఈ మాత్రల గురించి చెడ్డగా చెప్పాలని కాదు నా ఉద్దేశం. సరైన సమయంలో, సరైన మోతాదులో, చెప్పేవాళ్లుండి వాడితే అవి మంచి మందులే. మన దేశంలో 2002 నుంచి అనుమతి ఉంది. ఆ కాలనీ అమ్మాయికి కీడు చేసింది మాత్ర కాదు, కత్తెర.

ఇక పరిశోధనల సంగతి. 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం 2015లో మన దేశంలో 1.56 కోట్ల గర్భస్రావాలు జరిగాయని అంచనా వేసింది. అందులో 73 శాతం ఆస్పత్రుల బయట, మాత్రలతో జరిగినవే. ఆస్పత్రుల్లో జరిగింది 22 శాతం. మీ కథనంలో ఈ లెక్క కూడా వేశారు, సంతోషం. కానీ దానికోసం సర్వే చేసిన రాష్ట్రాలు ఆరు: అస్సాం, బిహార్, గుజరాత్, మధ్యప్రదేశ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్. మనం లేము. సురక్షితం కాని గర్భస్రావాలు 67 శాతం అని తరచూ పత్రికల్లో కనబడే అంకె ఇంకో అధ్యయనంలోది. అది తొమ్మిది రాష్ట్రాల వార్షిక ఆరోగ్య సర్వే మీద ఆధారపడింది. అందులోనూ మనం లేము. జననాలు తగ్గించుకున్న మంచి రాష్ట్రాలు కదా, ఇక్కడ చూడాల్సిందేముంది అనుకుంటారేమో. జాతీయ సర్వేలో మనం ఉన్నాం. గర్భస్రావాల్లో దాదాపు 27 శాతం ఇంట్లో, ఆ మహిళ తనంతట తాను చేసుకున్నవేనని దేశం మొత్తానికి అది చెప్పింది. నన్నడిగితే అది కూడా తక్కువే. ఆడవాళ్లు చెప్పుకున్నదే కదా లెక్కకొచ్చేది.

ఎలా చెప్పుకుంటారో కూడా చూశాను. సర్వే చేసే అమ్మాయిలు ట్యాబ్ పట్టుకుని మా ఊళ్లకూ వచ్చారు. మంచి పిల్లలు, ఎండలో తిరిగేవారు. ఇంటావిడతో ఒంటరిగా మాట్లాడాలన్నది వాళ్లకిచ్చిన నియమం. ఒక్క గది ఉన్న ఇంట్లో ఒంటరితనం ఎక్కణ్నుంచి తెస్తారు? తర్వాత ఒకామె నాతో నవ్వుతూ అంది: "ఆ పిల్ల కడుపు తీయించుకున్నావా అని మెల్లగానే అడిగింది మేడమ్. మా అత్త మంచం మీదే కూసోనుంది. ఏం జెప్పమంటావు? లేదన్నా." నాకు తెలిసి ఆమెకు రెండుసార్లు పోయింది.

ఈ నివేదికల్లో సామాజిక వర్గాలంటే నాలుగే గళ్లు: ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఇతరులు. మా పడమటి మండలాల్లో ఎస్టీ అంటే ఎవరు? నల్లమలలో దోర్నాల, యర్రగొండపాలెం వైపు గూడేల్లో ఉండే చెంచులు. తండాల్లో ఉండే సుగాలీలు. చెరువు గట్ల మీద, ఊరి చివర గుడిసెల్లో ఉండే యానాదులు. ఎరుకల వాళ్లు. సుగాలీ తండా నుంచి అమ్మాయిలు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నారు, తల్లులు ఆటో ఎక్కి ఏరియా ఆస్పత్రికి వస్తారు, గట్టిగా అడుగుతారు. చెంచు గూడెంలో ఆటో రావాలంటే ముందు ఫోన్ సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కాలి. యానాది కుటుంబానికి ఆధార్‌లో ఒక ఊరు, పని చేసేది ఇంకో ఊరు, కాబట్టి ఏ సబ్‌సెంటరూ వాళ్లు మావాళ్లు అనదు. వీళ్లందరినీ ఒక గడిలో పోసి సగటు తీస్తే ఆ సగటు ఎవరిది? ఓబీసీ గడి సంగతి ఇక చెప్పక్కర్లేదు. రజక కాలనీలో ఆమే, రెండు ట్రాక్టర్లున్న ఇంటామే అందులోనే ఉంటారు.

వలస సంగతి ఏ పట్టికలోనూ రాదు. మా మండలాల నుంచి హైదరాబాద్‌కు బిల్డింగ్ పనులకు, గుంటూరు వైపు మిరప కోతలకు మొగుడూ పెళ్లాలు కలిసే వెళ్తారు. మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ 2017 నుంచి ప్రభుత్వ ఆస్పత్రుల్లోకి వచ్చింది, మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి వేసుకునే ఛాయ మాత్రలు కూడా. నిజం చెప్పాలంటే ఇన్నేళ్ల సర్వీసులో ఆపరేషన్ తప్ప ఇంకో దారి చూపడానికి నా చేతికి వచ్చిన మంచి సాధనాలివే. కానీ రెండో ఇంజెక్షన్ తేదీ వచ్చేసరికి ఆమె కూకట్‌పల్లిలో సిమెంటు మోస్తుంటుంది. కార్డు ఇంటి చూరులో ఉంటుంది. అక్కడి ఆస్పత్రిలో అడిగితే, మీ ఊళ్లో వేయించుకోమంటారు. ఆర్నెల్ల తర్వాత కడుపుతో తిరిగొస్తుంది. అప్పుడు మా వాళ్లే, 'ఇంజెక్షన్ ఇచ్చినా ఫెయిలైంది, వీళ్లకు ఆపరేషనే దిక్కు' అని రాసుకుంటారు.

మార్కాపురం లాంటి పట్టణంలో ముస్లిం వాడల్లో ఆపరేషన్‌కు చాలామంది ఒప్పుకునేవాళ్లు కాదు. మాత్రలో లూపో అడిగేవాళ్లు. మాకు కావలసింది 'కేసు', కేసంటే ఆపరేషన్. టార్గెట్లు 1996లో తీసేశారని కాగితం మీద ఉంది. మార్చి నెలలో రివ్యూ మీటింగుకు వచ్చిన వాళ్లెవరినైనా అడగండి, తీసేశారో లేదో. మాత్రలు అడిగిన ఆ ఆడవాళ్లను మా మీటింగుల్లో 'వినని వాళ్లు' అనేవారు. వాళ్లు అడిగింది మేం వినలేదు గానీ.

టార్గెట్ అంటే గుర్తొచ్చింది. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ఆస్పత్రిలో ఒక్కరోజే 34 మందికి డీపీఎల్ ఆపరేషన్లు (కడుపు మీద చిన్న గాట్లతో గొట్టం పెట్టి చేసేవి) చేశారు, నలుగురు తల్లులు చనిపోయారు. రోజుకు 30కి మించకూడదని నిబంధన ఉంది. అంతకు ఎనిమిదేళ్ల ముందు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర 83 మందికి ఒకే క్యాంపులో చేస్తే పదిమందికి పైగా పోయారు. ఈ ఆపరేషన్ల క్యాంపుల మీద దేవికా బిస్వాస్ వేసిన కేసులో 2016లో సుప్రీంకోర్టు ఈ క్యాంపులను మూడేళ్లలో మానిపించమంది. సర్వే పట్టికల్లో ఆ చనిపోయిన తల్లులు కూడా 'ఆధునిక పద్ధతి పాటిస్తున్నవారు' కిందే లెక్కకొచ్చేవారు, బతికుంటే. క్యాంపు బయట నేల మీద పడుకోబెట్టిన వాళ్లలో డబ్బున్న ఇంటి ఆడపిల్లను నేనెప్పుడూ చూడలేదు. వాళ్లు నర్సింగ్‌హోంలో, రెండో సిజేరియన్‌తో పాటే చేయించుకుంటారు. మగవాళ్ల ఆపరేషన్ అయితే కుట్టు కూడా లేకుండా కాసేపట్లో అయిపోతుంది. కానీ మా వైపు మగవాళ్లకు ఆ మాట ఎత్తగానే నడుంనొప్పి మొదలవుతుంది, బరువులు మోయలేమంటారు. ఆపరేషనైన పదో రోజు నుంచి నెత్తిన గడ్డిమోపు మోసేది ఎవరో!

ఇప్పుడు చట్టం గురించి. ఈ పేరా మీరు తప్పకుండా వేయాలి. గర్భం తీయించుకోవడానికి పద్దెనిమిదేళ్లు నిండిన మహిళకు ఆమె సంతకం ఒక్కటే చాలు. భర్త సంతకం అక్కర్లేదు, అత్తమామల సంతకం అక్కర్లేదు. 1971 నాటి గర్భస్రావ చట్టంలోనే ఇది ఉంది. 2021 సవరణతో, గర్భనిరోధక పద్ధతి విఫలమై గర్భం వస్తే పెళ్లయినా కాకున్నా 20 వారాల లోపు తీయించుకోవచ్చు, ఒక డాక్టరు అభిప్రాయం చాలు. కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో 24 వారాల వరకు, ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో. ఆ వెసులుబాటు పెళ్లికాని వాళ్లకూ వర్తిస్తుందని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె పేరు, వివరాలు బయటపెడితే ఏడాది దాకా జైలు.

ఆస్పత్రి బల్ల దగ్గర జరిగేది వేరు. ఆస్పత్రి పేరు చెప్పను, ఒక్కచోటే అయితే చెప్పేదాన్నేమో. "మీ ఆయన్ని పిలుచుకురా" అంటారు. లింగ నిర్ధారణ నిషేధ చట్టానికీ దీనికీ ముడిపెట్టి, ఎందుకొచ్చిన కేసు అని పంపేస్తారు. ఇద్దరు పిల్లలున్న ఆమె వస్తే, "ఆపరేషన్ కూడా చేయించుకుంటానంటేనే కడుపు తీస్తాం" అంటారు. ఈ చివరి మాట నేను నా చెవులతో విన్నాను, ఒకసారి కాదు. ఒంగోలు నర్సింగ్‌హోంలో ఫీజు కట్టిన ఆమెతో ఎవరైనా ఇలా అంటారా? బేరం పెట్టేది డబ్బు లేని వాళ్ల దగ్గరే.

పదిహేడేళ్ల భార్య పరిస్థితి అన్నిటికన్నా ఘోరం. ఆస్పత్రికి వస్తే వయసు చూస్తారు, చూస్తే పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కింద పోలీసులకు చెప్పాలి, చెబితే మొగుడు జైలుకు. ఆ భయంతో వాళ్లు ఆస్పత్రి గేటు దాకా కూడా రారు. ఆర్ఎంపీ దగ్గరకో, మెడికల్ షాపుకో పోతారు. అమ్మాయీ, ఆమె సంరక్షకులూ కోరితే పోలీసులకిచ్చే ఆ సమాచారంలో ఆమె పేరు రాయాల్సిన పని లేదని అదే 2022 తీర్పులో ఉంది. మా మండలంలో ఎంతమంది డాక్టర్లకు తెలుసో మీ విలేకరిని కనుక్కోమనండి. ఆపరేషన్ ఫెయిలైతే ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తుందని కూడా చాలామందికి తెలియదు. కడుపు వచ్చిందని తెలిశాక గడువులోపు దరఖాస్తు పెట్టాలి. చాలామంది విషయం తెలుసుకునేసరికి కాన్పే అయిపోతుంది.

ఈమధ్య గాలి తిరిగింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను మన రాష్ట్రంలో 2024లో తీసేశారు. మంచిదే చేశారు, దానివల్ల నష్టపోయిన వాళ్లలో రిజర్వుడు సీట్ల ఆడవాళ్లు చాలామంది. కానీ ఇప్పుడు ఎక్కువమందిని కనండని సభల్లో చెప్తుంటే నాకు వేరే టెన్షన్ పట్టుకుంది. అదే రిజిస్టరు, అదే ఏఎన్ఎం, పై నుంచి వచ్చే మాట మాత్రం తలకిందులు. అంతర ఇంజెక్షన్లకు ఇండెంట్ పెడితే స్టాక్ లేదనడానికి ఇదొక సాకు అవుతుంది. డబ్బున్నవాళ్లు బయట కొనుక్కుంటారు. ఇంకో బిడ్డను కనాల్సి వచ్చేది కత్తిరించిన రేకు కొనుక్కున్న అమ్మాయే.

పరిశోధకులెవరైనా ఇది చదువుతుంటే నాదొక కోరిక. మన రెండు రాష్ట్రాల్లో ఈ లెక్క విడిగా తీయండి. 'ఏ పద్ధతి వాడుతున్నారు' అన్న ప్రశ్న దగ్గర ఆగకండి. ఆపరేషన్ నాటికి వయసెంత, అంతకుముందు వేరే పద్ధతులున్నాయని ఎవరైనా చెప్పారా, నెల తప్పితే మొదట ఎవరి దగ్గరకు వెళ్లారు, ఎంత ఖర్చయింది, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు అని అడగండి. చెంచును చెంచుగా, యానాదిని యానాదిగా రాయండి. పెళ్లికాని పిల్లలను వదిలేయకండి. ఇంటికి వెళ్లి అడిగితే చెప్పరు. జనవరి నుంచి మార్చి దాకా మిరప చేలల్లో మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు వెళ్లండి, ఆడవాళ్లు గుంపులుగా కూర్చుంటారు, మేస్త్రీ దూరంగా పడుకుంటాడు. మీరూ ఒక క్యారియర్ పట్టుకెళ్లండి. మొదటి రోజు ఏమీ అడగకండి.

సంపాదకులు గారూ, ఉత్తరం పొడుగైందని తెలుసు. స్థలం చాలకపోతే నా లెక్కలు, నా గోడు అన్నీ తీసేయండి. భర్త సంతకం అక్కర్లేదన్న పేరా ఒక్కటి మాత్రం వేయండి. కాస్త పెద్ద అక్షరాల్లో వేస్తే కత్తిరించి సబ్‌సెంటర్ల గోడలకు అంటించుకుంటారు, నేను కూడా నాలుగు ప్రతులు కొంటాను.

ఇట్లు,
రిటైర్డ్ మహిళా ఆరోగ్య పర్యవేక్షకురాలు,
మార్కాపురం ప్రాంతం